మూడు గంట్ల బద్ద

ఓడి వచ్చినా గెలిచి వచ్చినా గురువుగారింటికి మిఠాయి పెట్టె పట్టుకెళ్ళాల్సిందే. ఈ రెండేళ్ళలో మసయా తెచ్చినవన్నీ ఓడి తెచ్చిన పెట్టెలే. ఆ సంగతి స్టేషన్లో కొట్టు అమ్మాయికి తెలియదు గనక, గెలిచినవాడికి కట్టినంత శ్రద్ధగానే రంగు కాగితం చుట్టి ఇచ్చింది.

ఉషిజిమా పెట్టెను రెండు చేతులతో అందుకుని, గోడ అలమరలో ఉన్న ఫొటో ముందు పెట్టి, చిన్న గంట మోగించాడు. ఫొటోలో మనిషి హరగుచి. హరగుచి ఉషిజిమాకు గురువు, ఉషిజిమా మసయాకు గురువు. జనం టికెట్లు కొని పందెం కాసే ఈ సైకిల్ పోటీల్లో బతికేవాళ్ళకి, అందులోనూ కురుమె ఊరివాళ్ళకి, ఇంటిపేరు ఎంతో ఈ వరస కూడా అంతే.

"చెప్పు. ఆఖరి రోజు ఎన్నోవాడివి?"

"ఏడోవాణ్ణండి."

"తొక్కింది ఎంతమంది?"

"ఏడుగురండి."

ఉషిజిమా నవ్వలేదు. ఫలితం ఆయనకు ముందే తెలుసు, టీవీలో చూశాడు. అయినా శిష్యుడి నోట చెప్పించడం ఆయన పద్ధతి. అరవై ఏడేళ్ళ మనిషి, పొట్టివాడు. ఎడమ తుంటికి ఆపరేషన్ అయింది. నడిస్తే పడవ దిగినవాడిలా ఒక పక్కకి ఒరుగుతాడు. అలా ఒరుగుతూనే మసయాను పెరట్లో షెడ్డుకి తీసుకెళ్ళాడు.

"వెనక్కి కూర్చోలేదు నువ్వు."

"కూర్చున్నానండి."

"కూర్చుంటే ఏడోవాడివి ఎందుకవుతావు? బద్ద తియ్."

మసయా సైకిలు సంచిలోంచి వెదురు బద్ద తీసి ఇచ్చాడు. మనిషి నడుమెత్తు ఉంటుంది. దాని మీద మూడు గంట్లు. శిష్యుడిగా చేర్చుకున్న రోజున ఉషిజిమా తన బద్ద పక్కన కొత్త బద్ద ఆనించి, చాకుతో ఆ మూడు గంట్లూ కోసి చేతికిస్తాడు. మొదటి గంటు సీటు ఎత్తు. రెండోది సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా దూరం. మూడోది నేల నుంచి హ్యాండిల్ ఎత్తు. ఉషిజిమా బద్దకి ఆ గంట్లు హరగుచి బద్ద నుంచి వచ్చాయి. సైకిళ్ళు మారతాయి, కట్టేవాళ్ళు మారతారు, బద్ద మారదు. హరగుచి తన కాలంలో దేశమంతా పేరు మోసినవాడు. ఆయన కొలతల మీద కూర్చున్నవాడే ఆయన వరసలో వాడు.

ఉషిజిమా బద్ద ఒక కొన పెడల్ ఇరుసుకి ఆనించి చూశాడు. సీటు సరిగ్గా గంటు దగ్గరే ఉంది. హ్యాండిల్ కూడా.

"సైకిల్లో తప్పు లేదు. తప్పు నీలోనే ఉంది. ఎక్కు."

మసయా ఉన్నచోటే తొక్కడానికి పెట్టిన రోలర్ల మీదికి సైకిలెక్కించి తొక్కడం మొదలుపెట్టాడు. ఉషిజిమా పక్కన పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన కాళ్ళను చూడడు, చప్పుడు వింటాడు. తొక్కుడు గుండ్రంగా ఉంటే రోలర్లు ఒకే శ్రుతిలో మోగుతాయి. మసయా చప్పుడు మాత్రం ప్రతి చుట్టుకీ ఒకసారి గొంతు పట్టేసినట్టు ఆగి మళ్ళీ అందుకుంటుంది. పదహారేళ్ళుగా అంతే.

"ఆ ఎక్కిళ్ళు పోవాలి," అన్నాడు ఉషిజిమా కళ్ళు తెరవకుండానే. "పోయేదాకా తొక్కు."

మసయా తొక్కాడు. పెడల్ కిందికి వెళ్ళిన ప్రతిసారీ కాలు చాలక, పాదం కొన కిందికి వంచి అందుకోవాలి. అందుకున్నప్పుడల్లా ఎడమ మోకాలి వెనక ఎవరో తీగ పట్టి లాగినట్టు ఉండేది. ఆ నొప్పి గురించి గురువుగారికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలుసు.

వచ్చే పోటీ ఈ నెలాఖరుకి. ఈ ఆర్నెల్లకి అదే చివరిది. వరసగా రెండు ఆర్నెల్లు, గెలిచిన స్థానాన్ని బట్టి వేసే మార్కులు చాలలేదు. ఈసారి కూడా చాలకపోతే పేరు తీసేస్తారు, తొక్కడానికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటారు. మసయాకి ముప్పై ఎనిమిది. సైకిలు తొక్కడం తప్ప వేరే పని చేసి ఎరగడు.

ఆ రాత్రి చినత్సు అతని మోకాలి వెనక మందు పట్టీ అతికిస్తూ, "అక్కడ ఎవరో ఏదో అన్నారట కదా, నవ్వారట కదా," అంది. చినత్సు అతని భార్య. బడిపిల్లల భోజనాలు వండే వంటశాలలో పని. పెద్ద పెద్ద గంగాళాలు ఎత్తీ ఎత్తీ చేతులు మసయా చేతుల కంటే గట్టివి.

"ఎవరు చెప్పారు?"

"తొమినాగా అన్నయ్య. పొద్దున మార్కెట్లో కనిపించాడు."

తొమినాగా మసయా కంటే ముందు ఉషిజిమా దగ్గర చేరినవాడు. నడుము పాడైపోతే పోటీలు మానేసి, స్టేషన్ వెనక కోడిమాంసం కాల్చి అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. ఊళ్ళో వార్తలన్నీ ముందు ఆయన నిప్పుల మీదికొస్తాయి.

"ఏదో కుర్రాడు అన్నాడులే," అన్నాడు మసయా.

"ఏమన్నాడు?"

చివరికి చెప్పాడు. రేసు అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో, పక్కనున్న సగా నుంచి వచ్చిన ఒక కుర్ర రైడరు, "అన్నా, మీ వెనకాలే వచ్చా. మీరు సీటు మీద కూర్చోవట్లేదు. దండెం మీద చొక్కాలాగా అటూ ఇటూ ఊగుతున్నారు," అన్నాడు. అందరూ నవ్వారు. మసయా కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదు కదా అని.

చినత్సు నవ్వలేదు. "వాడు ఎగతాళికి అన్నా, చూసిందే అన్నాడు. నాకూ అలాగే కనిపిస్తావు. టీవీలో నీ నడుం మాత్రమే కదులుతుంటుంది. మిగతా ఆరుగురి నడుములూ కదలవు. ఎప్పుడైనా చూశావా?"

"నన్ను నేనెలా చూసుకుంటాను?"

"అందుకే నేను చూస్తున్నాను." పట్టీ కొస గట్టిగా అదిమింది. "నీకు ప్యాంట్లు కొంటే ప్రతిసారీ కింద మడిచి కుట్టించాలి. చొక్కా చేతులు మాత్రం చాలవు. కూర్చుంటే పొడుగు, నుంచుంటే పొట్టి. ఎవరిదో కొలత నీకెలా సరిపోతుంది? నోరికో దగ్గరికి వెళ్ళి సరిగ్గా కొలిపించుకో."

"గురువుగారికి తెలిస్తే?"

"తెలిస్తే తెలుస్తుంది. ఉద్యోగం పోతే మాత్రం తెలియదా?"

చినత్సు లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. మామూలు కంటే ఎక్కువ చప్పుడు చేస్తూ కడిగింది.

నోరికో వాళ్ళది నది అవతల. వాళ్ళ నాన్న ఫ్రేములు కట్టేవాడు. ఆయనకి చూపు మందగించాక ఈ ఏడేళ్ళుగా ఆమే ఇనుప గొట్టాలు కోసి, అతికి కడుతోంది. మసయా పోటీకి తొక్కే ఫ్రేములన్నీ ఆ చేతులవే. కొలతలు మాత్రం ప్రతిసారీ ఉషిజిమా ఫోన్లో చెప్పేవాడు. మసయా వెళ్ళి తెచ్చుకునేవాడు, అంతే.

"ఎగషిరా గారూ, ఫ్రేమేమైనా పగిలిందా?" అంది నోరికో కంగారుగా. ఎగషిరా మసయా ఇంటిపేరు. రోజు కాని రోజున వచ్చాడు.

"లేదండి. నన్ను... కొలుస్తారేమోనని."

నోరికో కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అతన్ని చూసింది. ఏమీ అడగకుండా వెళ్ళి తలుపు మీద 'మూసి ఉంది' పలక తిప్పి వచ్చింది.

నేలకి బిగించిన స్టాండు మీద అతని సైకిలు నిలబెట్టి, అతన్ని ఎక్కించింది. తుంటి ఎముక దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర పెన్నుతో చుక్కలు పెట్టింది. తొక్కమంది. వెనక్కి వెళ్ళి కింద కూర్చుని, అతని నడుం పట్టీకి దారం కట్టి, దానికి చిన్న తూకపు గుండు వేలాడదీసింది. పెడల్ తిరిగినప్పుడల్లా ఆ గుండు గోడ గడియారం లోలకంలా ఊగింది. ఆమె అద్దం తెచ్చి అతని ముందు పెట్టి, వెనక ఇంకో అద్దం పట్టుకుంది. అందులో మసయా తన నడుం మొదటిసారి చూసుకున్నాడు. కుడి కాలు కిందికి పోతే నడుం కుడికి ఒరుగుతోంది. ఎడమ కాలు పోతే ఎడమకి. కుర్రాడు దండెం అన్నాడంటే అనడా మరి.

"ఆపండి," అంది నోరికో. "మీ కాలు పెడల్ అందుకోవట్లేదు. అందక నడుం మొత్తాన్ని పంపిస్తున్నారు. చివర్లో బొటనవేలితో వెతుక్కుంటున్నారు. మోకాలి వెనక నొప్పి ఉండాలే?"

"ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచి."

ఆమె స్పానరు తీసుకుంది. సీటు బోల్టు వదులు చేసి కిందికి దించింది. రెండు వేళ్ళ మందం. ఆ సీటు ఎప్పుడూ ఆ ఎత్తు కంటే దిగి ఎరగదు. తర్వాత హ్యాండిల్ పట్టి ఉన్న కొమ్మును తీసి, పొడుగుది బిగించి, హ్యాండిల్ ముందుకి జరిపింది. పొడుగు నడుము మనిషి ఇరుక్కుని కూర్చుంటున్నాడని ఆమె లెక్క.

"ఇప్పుడు తొక్కండి. కిందికి గుద్దకండి. పైనుంచి ముందుకి తొయ్యండి. కిందికి వచ్చాక చెప్పుకంటిన బురద గడప మీద తుడిచినట్టు వెనక్కి లాగండి. అంతే."

మొదట చిన్నపిల్లల మూడు చక్రాల బండి ఎక్కినట్టుంది. మోకాళ్ళు పొట్టకి తగులుతున్నాయేమో అనిపించింది. కాసేపటికి గుండు ఊగడం తగ్గింది. ఇంకాసేపటికి ఆగింది. మోకాలి వెనక తీగ ఇప్పుడు లాగుతుందేమోనని ఎదురుచూశాడు. లాగలేదు. అతను తొక్కడం ఆపేసి, హ్యాండిల్ మీద మోచేతులానించి అలాగే కూర్చుండిపోయాడు.

"మీరు నాకు ఏడేళ్ళుగా ఫ్రేములు కడుతున్నారు," అన్నాడు చివరికి. గొంతులో కోపం అతనికే కొత్తగా వినిపించింది. "మీకు తెలుసా ఇది?"

నోరికో స్పానరు గుడ్డతో తుడుస్తూ, "మొదటి ఫ్రేముకే తెలుసు," అంది. "నాన్నకి కూడా తెలుసు. మీరు లోపలికి నడిచి వస్తే చాలు, కళ్ళకి తెలుస్తుంది. కానీ గురువు చెప్పిన కొలతకి కట్టడమే మా పని. గురువుకీ శిష్యుడికీ మధ్యలో దూరి మాట్లాడితే ఈ ఊళ్ళో మా కొట్టు నడవదు. మీరొచ్చి అడిగితే చెబుదామనుకున్నాను. మీరు అడగలేదు."

"అడగాలని నాకెలా తెలుస్తుంది?"

నోరికో స్పానరు గోడకి తగిలించింది. "ఇంత మార్పు ఒంటికి పట్టాలంటే నెలలు కావాలి," అంది. "ఈ పోటీకి సగమే దించుకోండి. మిగతాది తర్వాత చూద్దాం."

"తర్వాత అనేది ఉండకపోవచ్చు. మొత్తం ఇలాగే ఉంచండి."

ఆ తర్వాత రోజూ తెల్లవారకముందే చికుగో నది గట్టు మీద తొక్కాడు. మామూలుగా తొక్కే వైపు కాదు, అవతలి గట్టు మీద. గురువుగారి కంట పడకుండా దొంగలా. వానాకాలం, గట్టు మీద గడ్డి నడుం దాకా పెరిగింది. కొంగలు తప్ప చూసేవాళ్ళు లేరు. పైనుంచి తొయ్యడం, కింద తుడవడం. తొయ్యడం, తుడవడం. ధ్యాస తప్పితే పాదం పాత అలవాటు కొద్దీ బొటనవేలి మీదికి పోయేది. లేనిచోట పెడల్ వెతుక్కునేది. మళ్ళీ మొదటి నుంచి. పిక్కలు, తొడల వెనక కండలు, ఎప్పుడూ పని చెప్పని చోట్లన్నీ పుళ్ళలా సలిపాయి. మోకాలు మాత్రం సలపలేదు. దాన్ని తలచుకుని ఒకరోజు గట్టు మీద ఆగి పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

హరగుచి పోయిన రోజు ఆ వారంలోనే వచ్చింది. ఏటా ఆ రోజు ఉషిజిమా శిష్యులు సైకిళ్ళతో సహా ఆయనింటికి రావాలి. పొద్దున సమాధి కడిగి పూలు పెట్టి వచ్చాక, షెడ్డులో సైకిళ్ళు వరసగా నిలబెడతారు. ఉషిజిమా హరగుచి బద్ద పట్టుకుని ఒక్కొక్కటే కొలుస్తాడు. ఆ తర్వాతే భోజనం. శిష్యుల్లో ఇప్పుడు పోటీలకు వెళ్ళేవాడు మసయా ఒక్కడే. తొమినాగా నడుముకి పట్టీ బిగించుకుని, కాల్చిన మాంసం డబ్బాలతో, తుప్పు పట్టిన పాత సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

సీటు గంటు దగ్గరికి జరిపేసి వెళ్ళు, ఒక్క పూటే కదా అంది చినత్సు. మసయా స్పానరు తీశాడు, చాలాసేపు చేత్తో పట్టుకుని, మళ్ళీ సంచిలో పడేశాడు. ఎందుకో అతనికి కూడా సరిగ్గా తెలియదు.

షెడ్డులో తొమినాగా అతని సైకిలు వైపు ఒక్క చూపు చూసి, "ఒరేయ్ మసయా," అన్నాడు గొంతు తగ్గించి. "నీ సీటు కుంగిందేంట్రా? ఇల్లు కట్టినచోట నేల మంచిది కాదా?"

"ఊరుకో అన్నా."

"నేను ఊరుకుంటా. ఆయన ఊరుకోవాలిగా."

ఉషిజిమా ఫొటోకి దణ్ణం పెట్టుకుని, హరగుచి బద్ద తీసుకుని వచ్చాడు. వయసు మీరి వెదురు నల్లబడింది. ముందు తొమినాగా సైకిలు. సరిపోయింది. తర్వాత మసయాది. బద్ద కొన ఇరుసుకి ఆనించాడు. గంటు సీటు పైన గాల్లో ఉంది. ఉషిజిమా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత రెండో గంటు చూశాడు. అదీ కలవలేదు. మూడోది చూడలేదు.

తొమినాగా మాంసం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఎక్కు," అన్నాడు ఉషిజిమా.

మసయా రోలర్ల మీద ఎక్కాడు. ఉషిజిమా పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. రోలర్లు తిరిగాయి. చప్పుడు పెరిగింది. ఒకే గొంతు, ఒకే శ్రుతి. పైకప్పు మీద వాన, కింద రోలర్లు, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎక్కిళ్ళు లేవు. ఉషిజిమా ఆపమనలేదు. మసయా చెమట హ్యాండిల్ మీద కారి నేల మీద మడుగు కట్టేదాకా ఆపమనలేదు.

"చాలు. దిగు."

కళ్ళు తెరిచాక ఆయన మసయాను చూడలేదు. చేతిలో బద్దనే చూస్తూ మాట్లాడాడు.

"హరగుచి గారు చాలా పొడుగు మనిషి. ఆ ద్వారబంధానికి తల తగిలేది. నేనేమో ఇంతే. నా పంతొమ్మిదో ఏట ఈ గంట్లు కోసి నా చేతికిచ్చారు. ఎక్కి చూస్తే కాలు అందలేదు."

"మీరేమన్నారు మరి?" అన్నాడు తొమినాగా.

"ఏమంటాను? ఆయన ఇచ్చారు. బొటనవేలి మీద తొక్కాను. ఇరవై తొమ్మిదేళ్ళు బొటనవేలి మీదే తొక్కాను." చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ తుంటి మీదికి పోయింది. "అందిన రోజు ఒక్కటీ లేదు. అందినట్టే ఉన్నాను."

మసయా తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. తువ్వాలు మొహం మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ గురువుగారికి తెలియదనుకున్నాడు. తెలియక చేసినవాడి మీద కోపం ఎంతని ఉంటుంది? కానీ ఈ మనిషికి తెలుసు. తన కాలికే తెలుసు.

"మొదటి రోజునుంచీ తెలుసన్నమాట మీకు," అన్నాడు తువ్వాలు తీసి. "తెలిసీ నాకెందుకు ఇచ్చారండీ? అన్నకి ఎందుకిచ్చారు?"

"నేను సర్దుకున్నాను కదరా," అన్నాడు ఉషిజిమా. "సర్దుకోవడమే చదువనుకున్నాను."

తొమినాగా తన నడుం పట్టీ మీద చెయ్యి వేసుకుని నేలకేసి చూశాడు. జోకు ఏదో వెయ్యాల్సినవాడు వెయ్యలేదు.

మసయాకి ఒళ్ళంతా మండింది. పదహారేళ్ళు. చినత్సు అతికించిన పట్టీలు. ప్రతిసారీ ఆఖరి మలుపులో చచ్చిపోయే కాళ్ళు. తప్పు నీలోనే ఉందని విని, నిజమే కాబోలు అని తల వంచుకుని ఇంటికి నడిచిన రోజులు. సైకిలు సంచిలో పెట్టుకున్నాడు. సంచిలోంచి తన బద్ద తీసి పీట పక్కన నేల మీద పెట్టాడు. భోజనం చెయ్యలేదు. వెళ్ళొస్తానని వంగి నమస్కారం పెట్టలేదు. అలా పెట్టకుండా ఆ గుమ్మం దాటడం అదే మొదలు.

పోటీకి ముందురోజే సైకిలు తనిఖీకి ఇచ్చి, ఫోను కూడా అప్పగించి లోపలికి వెళ్ళిపోవాలి. మూడు రోజులూ బయటి మనిషితో మాట లేదు. మసయాకి ఈసారి అదే హాయిగా అనిపించింది. సగా కుర్రాడు కూడా వచ్చాడు. తనిఖీ గదిలో మసయా సైకిలు చూసి, "అన్నా, దండెం దించారే!" అన్నాడు. మసయా ఈసారి నిజంగానే నవ్వాడు.

మొదటి రోజు నాలుగోవాడు. రెండో రోజు కూడా నాలుగే. లెక్క తేలింది. ఆఖరి రోజు మొదటివాడో రెండోవాడో అయితే ఉద్యోగం ఉంటుంది. మూడోవాడైతే ఉండదు.

ఆఖరి రోజు సగా కుర్రాడూ మసయా ఒక జట్టు. ఒకే ప్రాంతం వాళ్ళు ఒకరి వెనక ఒకరు ఉండి తొక్కడం ఆనవాయితీ. కుర్రాడు ముందుండి గాలికి ఎదురొడ్డుతాడు. మసయా అతని వెనక చక్రం పట్టుకుని వచ్చి, చివర్లో పక్కకి తప్పుకుని దూకాలి. పోటీ చివరికొచ్చిందని చెప్పే గంట మోగింది. కుర్రాడు లేచి తొక్కాడు. మిగతావాళ్ళు వెనక పడ్డారు. మసయా ముందు చక్రం కుర్రాడి వెనక చక్రానికి చెయ్యంత దూరంలో అంటుకుని ఉంది. నడుం కదలట్లేదు. పైనుంచి తొయ్యడం, కింద తుడవడం. వెనక మలుపు వచ్చింది. దూకొచ్చు. అతను దూకలేదు.

పదహారేళ్ళుగా ఆఖరి మలుపు దగ్గర మోకాలి వెనక తీగ లాగేది, కాళ్ళు సీసంలా బరువెక్కేవి. అందుకని కాస్త దాచుకోవడం నేర్చుకున్నాడు. ఆ నొప్పి కోసం కాస్త అట్టిపెట్టుకోవడం. ఇప్పుడు కూడా అట్టిపెట్టుకున్నాడు. నొప్పి ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని కాచుకున్నాడు. మలుపు అయిపోయింది. నొప్పి రాలేదు. రాదని అర్థమయ్యి అతను దూకేసరికి ఎదురుగా నేరు దారి సగమే మిగిలింది. ఈలోగా పక్కనుంచి ముందుకొచ్చిన ఒకణ్ణి దాటాడు. కుర్రాడి తుంటి దాకా వచ్చాడు. గీత దాటేటప్పటికి బయటి నుంచి ఇంకొకడు సగం చక్రం ముందున్నాడు.

మూడో స్థానం.

ఇంకో చుట్టు ఊరికే తిరుగుతుంటే కాళ్ళలో బలం ఇంకా మిగిలే ఉంది. అదే అతన్ని ఏడిపించింది. అలిసిపోయి ఓడిపోవడం అలవాటే. కాళ్ళలో ఇంత పెట్టుకుని ఓడిపోవడం ఎలాగో అతనికి తెలియదు. హెల్మెట్ అద్దం తియ్యకుండా లోపలికి నడిచాడు.

ఫోను తిరిగి ఇచ్చాక చినత్సు నుంచి ఒకే వాక్యం ఉంది. 'నీ నడుం కదల్లేదు.'

స్టేషన్లో కొట్టు అమ్మాయి ఎప్పటిలాగే నవ్వింది. మసయా వెళ్ళిపోదామనుకున్నాడు. ఇంక ఆ గుమ్మం ఎక్కే పని ఏముంది? నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి పెట్టె కొన్నాడు. కోపం పోయి కాదు. చెప్పకుండా ఊరుకుంటే తనూ ఆ బద్ద వరసలోనే ఉండిపోయినట్టు ఉంటుంది. ఎదురుగా నిలబడి చెప్పాలి. మూడోవాణ్ణి, కాళ్ళు మిగిలాయి, ఎందుకు మిగిలాయో మీకు తెలుసు, అని.

ఇంట్లో ఉషిజిమా లేడు. షెడ్డు తలుపు తీసే ఉంది. గోడ కొక్కానికి ఎన్నో ఏళ్ళుగా వేలాడుతున్న ఆయన సైకిలు లేదు. కొక్కెం కింద గోడ మీద సైకిలు ఆకారంలో తెల్లటి మరక మాత్రం ఉంది. పక్కింటావిడ కంచె మీంచి, "పొద్దున్నే తొమినాగా వచ్చి వ్యాన్లో ఎక్కించుకెళ్ళాడు, నది అవతలికట," అంది.

నోరికో కొట్టు తలుపు మీద 'మూసి ఉంది' పలక తిప్పి ఉంది. మసయా తోసుకుని లోపలికి వెళ్ళాడు.

రోలర్ల మీద పాత సైకిలు. దాని మీద ఉషిజిమా. పడిపోకుండా తొమినాగా ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో తన నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఉషిజిమా మోకాళ్ళ మీద పెన్ను చుక్కలు ఉన్నాయి. మోకాళ్ళ పైకి మడిచిన ప్యాంటు కింద పిక్కలు సన్నగా, తెల్లగా ఉన్నాయి. సీటు ఎంతో కిందికి దిగి ఉంది. నెమ్మదిగా తొక్కుతున్నాడు. పెడల్ కిందికి వచ్చినప్పుడు పాదం మొత్తం దాని మీద ఆనుతోంది.

మసయాను చూసి ఆపాడు. "ఎన్నోవాడివి?" అన్నాడు.

"మూడోవాణ్ణండి."

ఉషిజిమాకి లెక్క తెలుసు. "కాళ్ళు?"

"ఇంకా ఉన్నాయండి."

ఉషిజిమా హ్యాండిల్ పట్టుకుని ముందుకి వంగాడు. తల బాగా కిందికి వంచాడు, తొక్కడానికి వంగేదాని కంటే చాలా కిందికి. తొమినాగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన అలా ఎంతసేపు ఉన్నాడో, తల ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇంత సుఖంగా ఉంటుందట్రా ఇది?" అన్నాడు.

మసయా దగ్గర అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. రైల్లో అన్నీ వరస పెట్టుకుని వచ్చాడు. ఒకటీ అనలేదు. మన్నించాననీ అనలేదు. మన్నించాడో లేదో అతనికి తెలియదు.

నోరికో స్పానరు పట్టుకుని, "ఇంకొంచెం దించాలా, ఇక్కడే ఉంచాలా తేలట్లేదు," అంది. "ఎగషిరా గారూ, మీరు చూస్తారా?"

మసయా మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టి, గోడవారగా ఉన్న పీట లాక్కుని కూర్చున్నాడు. "తొక్కండి," అన్నాడు.

ఉషిజిమా తొక్కడం మొదలుపెట్టాడు. మసయా కళ్ళు మూసుకున్నాడు. రోలర్లు మోగాయి. ముసలి కాళ్ళు, నీరసంగా ఉన్నాయి గానీ చప్పుడు చాలావరకు గుండ్రంగానే ఉంది. ఒక్కచోట, ఎడమ కాలు కిందికి వచ్చేచోట, సన్నగా ఒక ఎక్కిలి. అతను ఇంకో నాలుగు చుట్లు విన్నాడు, పొరబడలేదని రూఢి చేసుకోవడానికి.

"ఇంకొంచెం దించండి," అన్నాడు.

నోరికో బోల్టు వదులు చేసింది.